గడియారపు గంటయు, సూర్యుని గంటయు, సైకిలుమీద వచ్చు విద్యార్థియు

మన గోరంట్ల ప్రాంతమునుండి అమెరికా, ఇంగ్లండు దేశములకు పోయి అచ్చట ఉద్యోగములు చేయుచున్నవారి తల్లిదండ్రులకు ఒక వింత అనుభవము కలదు. న్యూజెర్సీలో నున్న కుమారుని గడియారము చలికాలమున మన గడియారముకంటె పదిన్నర గంటలు వెనుకబడి యుండును. మార్చి నెల రెండవ ఆదివారము దాటినతోడనే ఆ భేదము తొమ్మిదిన్నర గంటలగును. నవంబరు మొదటి ఆదివారము మొదలుకొని మరల పదిన్నర గంటలగును. లండనులో నున్న కుమార్తెకును మనకును చలికాలమున ఐదున్నర గంటలును, వేసవిలో నాలుగున్నర గంటలును భేదము. భూమి యెప్పటివలెనే తిరుగుచుండగా ఈ ఒక్క గంట ఎచ్చటికి పోయినది? మరల ఎచ్చటినుండి వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటయు, ఆ దేశములలో సైకిలుమీద పోవువారి దినచర్యను ఈ ఏర్పాటు ఎట్లు మార్చుచున్నదో చూపుటయు, మన పీఠభూమియందు సైకిలుమీద బడికి వచ్చు పిల్లల విషయమై దానినుండి మనము గ్రహింపదగిన దేమో విచారించుటయు ఈ వ్యాసమున నా ఉద్దేశము.

పగటి వెలుతురు పొదుపు అననేమి?

ఉత్తర ధ్రువమునకు దగ్గరగా నున్న దేశములలో వేసవి పగలు మిక్కిలి దీర్ఘము. చలికాలపు పగలు మిక్కిలి హ్రస్వము. లండనులో జూను నెలలో పగలు సుమారు 16 గంటల 38 నిమిషములుండును. డిసెంబరులో సుమారు 7 గంటల 50 నిమిషములే యుండును. జూను నెలలో అచ్చట గడియారమును మార్చకున్నచో సూర్యుడు తెల్లవారుజామున మూడుగంటల ముప్పావునకే ఉదయించును. ఆ వేళ జనులందరు నిద్రించుచుందురు. సాయంకాలము పని విడిచి ఇల్లు చేరి కొంతసేపు ఆటపాటలలో గడుపుదమనుకొన్న వారికి మాత్రము చీకటి పడును. ఉదయమున వ్యర్థముగా పోవుచున్న ఒక గంట వెలుతురును సాయంకాలమునకు మార్చుకొనిన బాగుండునుగదా యని కొందరికి తోచెను.

న్యూజీలండు దేశమున జార్జి వెర్నన్ హడ్సన్ అను తపాలా ఉద్యోగి పని ముగిసిన పిమ్మట పురుగులను సేకరించి పరిశీలించుచుండెడివాడు. అందులకు సాయంకాలపు వెలుతురు చాలదని, వేసవిలో గడియారమును రెండు గంటలు ముందునకు జరుపవలెనని అతడు 1895లో ప్రతిపాదించెను. ఇంగ్లండులో విలియం విల్లెట్ అను గృహనిర్మాత 1907లో ఇదే అభిప్రాయమును చిన్న పుస్తకముగా ప్రకటించెను. పార్లమెంటునందు చర్చ జరిగెనుగాని శాసనము కాలేదు. విల్లెట్ 1915లో మరణించెను. మరుసటి సంవత్సరము మొదటి ప్రపంచ యుద్ధకాలమున బొగ్గును ఆదా చేయుటకై జర్మనీ 1916 ఏప్రిల్ 30వ తేదీన గడియారములను ముందునకు జరిపెను. మూడువారములు గడచిన పిమ్మట, మే 21న, బ్రిటను దానిని అనుసరించెను. ఈ విధముగా పురుగులను పట్టువాని కోరికయు, ఇండ్లు కట్టువాని ఆలోచనయు సాధింపలేని కార్యమును యుద్ధము సాధించినది.

దీనినే ఇంగ్లీషున డేలైట్ సేవింగ్ టైము అందురు. సూర్యుడు ఒక్క క్షణమైనను త్వరపడలేదు. వెలుతురు ఒక్క క్షణమైనను పెరుగలేదు. అందరును కలసి ఒక గంట ముందుగా నిద్రలేచుటకు చేసికొన్న ఒప్పందమే ఇది. ఒక్కొక్కరిని "రేపటినుండి ఆరుగంటలకు బదులు ఐదుగంటలకు లెమ్ము" అనిన ఎవ్వరును లేవరు. ఊరి గడియారములన్నియు జరిపినచో ఐదును ఆరని పిలిచి అందరును లేతురు. ఈ ఏర్పాటుయొక్క రహస్యమంతయు ఇంతియే.

ఆ దేశములలో సైకిలుమీద పోవువారి సంగతి

ఈ మార్పు అందరికంటె ఎక్కువగా తెలియునది సైకిలుమీద పోవువానికి. మోటారుకారులో పోవువానికి పెద్ద దీపములు కలవు. చుట్టును ఇనుపకవచము కలదు. సైకిలువానికి రెండును లేవు. వాని భద్రత ఎదుటివాడు వానిని చూచుటయందే యున్నది. కావున వెలుతురు ఏ వేళకు వచ్చునో, ఏ వేళకు పోవునో వానికి ప్రాణసంబంధమైన విషయము.

మార్చి నెలలో గడియారము ముందునకు జరిగినపుడు సాయంకాలము పని ముగించుకొని సైకిలెక్కువానికి ఒక గంట వెలుతురు అధికముగా లభించును. చలికాలమంతయు సైకిలును మూల నుంచినవారు ఆ వారమున దానిని బయటకు తీసి, గొలుసునకు చమురు వేసి, టైర్లకు గాలి కొట్టించుకొందురు. ఐతే ఉదయమున పోవువానికి నష్టము. అంతకు ముందు కొన్ని వారములుగా తెల్లవారిన పిమ్మట బయలుదేరుచున్నవాడు ఆ సోమవారమున మరల చీకటిలో బయలుదేరవలసి వచ్చును. అదియునుగాక ఆదివారపు రాత్రి ఒక గంట నిద్ర తక్కువైనందున వానికిని, వాని ప్రక్కన కారు నడుపువానికిని మత్తు వదలియుండదు. గడియారము ముందునకు జరిపిన వారమున ప్రాణాంతకమైన రహదారి ప్రమాదములు కొంత హెచ్చుచున్నవని అమెరికాలో 2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధన తెలిపినది.

అక్టోబరు చివర లండనులో గడియారమును వెనుకకు జరిపినపుడు దీనికి విరుద్ధముగా జరుగును. శనివారమున దాదాపు 5-40కి క్రుంకిన సూర్యుడు ఆదివారమున దాదాపు 4-40కే క్రుంకును. చీకటి మెల్లమెల్లగా ముందునకు వచ్చినచో మనుష్యుడు దానికి అలవాటుపడును. ఒక్కరాత్రిలో ఒక గంట ముందునకు వచ్చినచో అలవాటు పడుటకు వ్యవధి యుండదు. అందుచేత ఆ వారమునకు ముందే దీపములను సరిచూచుకొనుట అచ్చటి సైకిలువారికి నియమము. సూర్యాస్తమయము మొదలు సూర్యోదయము వఱకు సైకిలునకు ముందు తెల్లదీపమును, వెనుక ఎఱ్ఱదీపమును వెలిగించి యుండవలెనని బ్రిటనులో చట్టము కూడ కలదు.

చలికాలమునందు సైతము గడియారమును వెనుకకు జరుపక ముందుననే యుంచినచో నేమగునో రెండు దేశములు పరీక్షించి చూచినవి. బ్రిటను 1968 మొదలు 1971 వఱకు అట్లు చేసెను. సాయంకాలపు ప్రమాదములు తగ్గెనుగాని, ఉదయమున పిల్లలు చీకటిలో బడికి పోవలసివచ్చెనని ప్రజలు మొఱపెట్టుకొనగా పార్లమెంటు దానిని విడిచిపెట్టెను. నూనె కఱవు వచ్చినపుడు అమెరికా 1974 జనవరి 6న ఇట్లే చేయగా, అచ్చటను తల్లిదండ్రులు పిల్లల విషయమై ఆందోళన పడిరి. ఆ సంవత్సరము అక్టోబరులోనే ప్రభుత్వము ఆ చట్టమును సవరించి చలికాలమునకు పాత గంటనే నిలిపెను. ఎంత గొప్ప దేశమైనను, ఎంత గొప్ప పొదుపైనను, బడికి పోవు పిల్లవాని దారిలో చీకటి పడినపుడు దానిని మరల ఆలోచింపక తప్పలేదు.

మన దేశమున గడియారము జరిపిన మూడేండ్లు

ఇది పరదేశముల ముచ్చటయే అని తలపవలదు. మన దేశమునందును గడియారము జరుపబడినది. దానికి ముందు జరిగిన కథ కొంత తెలిసికొనవలెను.

పూర్వము మనవారు సూర్యోదయమునుండి గడియలు లెక్కించెడివారు. అహోరాత్రమునకు అరువది గడియలు. గడియకు ఇరువదినాలుగు నిమిషములు. ద్రాక్షతోట కూలివారినిగూర్చి ప్రభువు చెప్పిన ఉపమానమునందలి గంటలును సూర్యోదయమునుండి లెక్కింపబడినవే. అందు పదునొకండవ గంటకు పిలువబడిన కూలివాడనగా ప్రొద్దుగ్రుంకుటకు ఒక్క గంట మాత్రమే మిగిలియుండగా వచ్చినవాడు. అట్టి లెక్కలో ప్రతి ఊరికిని తన సూర్యుడే గడియారము. రైళ్లు వచ్చిన పిమ్మట ఇది సాగలేదు. 1802 మొదలుకొని మద్రాసు నక్షత్రశాల లెక్కించిన కాలమే రైళ్లకును కాలమాయెను. అది గ్రీనిచ్ కాలమునకు 5 గంటల 21 నిమిషములు ముందుండెను. 1906 జనవరి 1 నుండి దేశమంతటికిని 5 గంటల 30 నిమిషములు ముందుండు భారత ప్రామాణిక కాలము ఏర్పడినది. ఇది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమునందలి సూర్యుని కాలము. ఆ రేఖ మన తెలుగుదేశమున కాకినాడకు సమీపముగా పోవుచున్నది.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున 1942 సెప్టెంబరు 1 నుండి దేశమందలి గడియారములన్నియు ఒక గంట ముందునకు జరుపబడినవి. ఈ ఏర్పాటు 1945 అక్టోబరు 15 వఱకు నిలిచినది. ఆనాటి అనంతపురము జిల్లా మద్రాసు రాజధానిలో నుండెను. పొలము దున్నువానికిని, గొఱ్ఱెలు కాయువానికిని ఈ మార్పువలన కలిగినది ఏమియు లేదు. వారు ప్రొద్దును చూచి లేచువారు. బడి, తపాలా కచేరి, తాలూకా కచేరి, రైలు అను వీనితో పనిగలవారికే మార్పు తగిలినది.

ఒక ఉదాహరణమును కల్పించుకొందము. గోరంట్లకు రైలు లేదు. రైలెక్కవలసినవారు పెనుకొండకో హిందూపురమునకో పోవలెను. ఒకడు జనవరి నెలలో ఉదయము 8 గంటలకు పెనుకొండలో రైలెక్కవలసి యున్నదనుకొందము. సైకిలుమీద పోవుటకు రెండు గంటలకు తక్కువ పట్టదు. పాత గడియారము చొప్పున అతడు 5-45కు బయలుదేరినయెడల ఒక గంట చీకటిలోను మసకవెలుతురులోను పోయి, 6-47కు సూర్యుని చూచి, తక్కిన గంటయు వెలుతురులో పోవును. యుద్ధకాలపు గడియారము చొప్పున సూర్యోదయము 7-47. అతడు దాదాపు దారియంతయు సూర్యుడు లేకుండనే పోవలెను. ఆ దినములలో సైకిలు దీపమనగా కిరసనాయిలు దీపము, లేదా కార్బైడు దీపము, లేదా చక్రము తిరిగినపుడు మాత్రమే వెలుగు డైనమో. గుంతయు, తుమ్మముల్లును ఆ వెలుగున కనబడునా?

ఇంకొక వైపును చూడవలెను. పదిగంటల బడికి వచ్చు పిల్లవానికి ఉదయమున నష్టమేమియు లేదు. క్రొత్త పదియనగా పాత తొమ్మిది. అప్పటికి బాగుగ తెల్లవారియే యుండును. సాయంకాలము బడి విడిచిన పిమ్మట వానికి ఒక గంట పగలు ఎక్కువగా మిగులును. కావున గడియారము మార్చుట అందరికిని మేలనియు చెప్పలేము, అందరికిని కీడనియు చెప్పలేము. ఎవని పని పగటి నడుమ నుండునో వానికి నష్టము లేదు. ఎవని పని పగటి అంచున నుండునో వాడే దాని ఫలము ననుభవించును.

గోరంట్ల సూర్యుడు

ఇప్పుడు మన ఊరి లెక్క చూతము. చిత్రావతి ఒడ్డున నున్న మన గోరంట్ల భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 14 డిగ్రీలలోను, 77¾ డిగ్రీల తూర్పు రేఖాంశమునను ఉన్నది. ప్రతి డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున మన సూర్యుడు భారత ప్రామాణిక కాలమునకు సుమారు 19 నిమిషములు వెనుక నుండును. మన గడియారములు ఎప్పటికిని ఒక గడియకు కొంచెము తక్కువగా ముందునకు జరుపబడియే యున్నవన్నమాట. కాకినాడ పిల్లవాడు సూర్యుని చూచిన సుమారు 18 నిమిషములకు గాని మన పిల్లవాడు చూడడు. ఐనను ఇద్దరికిని బడిగంట ఒక్కటే.

అదిగాక భూమి సూర్యునిచుట్టు తిరుగు మార్గము పూర్ణవృత్తము కాకుండుటచేతను, భూమి యిరుసు వాలియుండుటచేతను సూర్యుడు నడినెత్తికి వచ్చు వేళ సంవత్సరమునందు మారుచుండును. గోరంట్లలో నిజమైన మధ్యాహ్నము నవంబరు మొదట సుమారు 12-03కును, ఫిబ్రవరి నడుమ సుమారు 12-33కును అగును. మన ఊరి సూర్యోదయాస్తమయములు సుమారుగా ఇట్లుండును:

జనవరి 21: ఉదయము 6-47, సాయంకాలము 6-13.
మార్చి 21: ఉదయము 6-22, సాయంకాలము 6-30.
జూను 21: ఉదయము 5-52, సాయంకాలము 6-49.
సెప్టెంబరు 23: ఉదయము 6-08, సాయంకాలము 6-15.
నవంబరు 20: ఉదయము 6-22, సాయంకాలము 5-48.
డిసెంబరు 21: ఉదయము 6-38, సాయంకాలము 5-56.

దీర్ఘమైన పగలు 12 గంటల 57 నిమిషములు. హ్రస్వమైనది 11 గంటల 17 నిమిషములు. లండనులో ఈ రెంటి భేదము దాదాపు తొమ్మిది గంటలు. ఇచ్చట ఒక గంట 40 నిమిషములు మాత్రమే. వేసవిలో వ్యర్థముగా పోవు వెలుతురే మనకు లేనపుడు దానిని పొదుపు చేయుట యెట్లు? భూమధ్యరేఖకు దగ్గరగా నున్న దేశములలో పెక్కింట ఈ ఏర్పాటు లేకపోవుటకు ఇదియే కారణము.

ఐనను మన దేశమున గడియారమును మార్చవలెనను వాదము నేటికిని వినబడుచున్నది. అస్సాము తేయాకు తోటలలో ఒక గంట ముందుండు తోటకాలము చాలకాలముగా వాడుకలో నున్నది. 2018లో జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రజ్ఞులు ఈశాన్య రాష్ట్రములకు వేరొక కాలము నొసగవచ్చునని ప్రతిపాదించిరి. దేశమంతటికిని గడియారమును అరగంట ముందునకు జరిపిన విద్యుచ్ఛక్తి మిగులునని బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థకు చెందిన పండితులు వాదించియున్నారు. ఈశాన్యమున వేకువ మిక్కిలి ముందుగా వచ్చును గనుక అచ్చటివారి కోరిక న్యాయమే. ఐతే మన పిల్లల దృష్టితోను ఒకసారి చూడవలెను. అరగంట జరిపినయెడల జనవరిలో గోరంట్ల సూర్యోదయము 7-17 అగును. పదవ తరగతి విద్యార్థులు ఉదయపు ప్రత్యేక తరగతులకై 7 గంటలకు సైకిలెక్కినచో ఇంకను సూర్యుడు రాడు. సాయంకాలము మాత్రము అరగంట వెలుతురు ఎక్కువగా దొరకును. ఒకచోట ఇచ్చినది మరియొకచోట తీసికొనకుండ ఏ గడియారమును జరుగదు.

ఒంటిపూట బడి: మన వెలుతురు పొదుపు

గడియారమును ముట్టకయే వేళను మార్చు పద్ధతి మనకు తెలియనిది కాదు. మార్చి నడుమనుండి మన రాష్ట్రమున ఒంటిపూట బడులు జరుగుచున్నవి. ఉదయము ఏడున్నర ఎనిమిది గంటల మధ్య మొదలై మధ్యాహ్నము 12-30కి ముగియును. పాశ్చాత్యులు వెలుతురును పొదుపు చేయుదురు. మనము చల్లదనమును పొదుపు చేయుదుము. వారు గడియారమును జరుపుదురు. మనము బడిగంటను జరుపుదుము. మనది సరళమైన మార్గము; రైళ్లకును, బ్యాంకులకును చిక్కులేదు.

ఉదయమున ఈ ఏర్పాటు సైకిలు విద్యార్థికి మిక్కిలి మేలు చేయును. మార్చి నడుమ సూర్యోదయము సుమారు 6-27. ఏడుగంటలకు బయలుదేరినవాడు చల్లని గాలిలో, నిండు వెలుతురులో వచ్చును. మధ్యాహ్నపు సంగతి వేరు. మార్చి 15న గోరంట్లలో సూర్యుడు నడినెత్తికి వచ్చునది 12-28కి. బడి విడుచునది 12-30కి! ఏ క్షణమున ఎండ నిట్టనిలువుగా పడునో ఆ క్షణముననే పిల్లలు రోడ్డుమీదికి పోవుచున్నారు. ఏప్రిల్ చివరి వారమున సూర్యుడు మనకు సరిగా నెత్తిమీద నిలుచును. నిలువుగా పాతిన కఱ్ఱకు అప్పుడు నీడయే యుండదు.

ఇందొక చిన్న విషయము గమనింపదగినది. ఉదయము తొమ్మిదిగంటలకు రోడ్డునకు తూర్పుననున్న వేపచెట్టు రోడ్డంతటిమీదను నీడ పఱచును. మధ్యాహ్నము అదే చెట్టునీడ దాని మొదటనే ముద్దగా పడియుండును. రోడ్డు ప్రక్కన చెట్లున్నను, వాని కొమ్మలు రోడ్డుమీదికి చాచుకొని యున్ననేగాని సైకిలువానికి ఆ వేళ నీడ దొరకదు. కానుగ, చింత, వేప, మఱ్ఱి చెట్లు దారుల ప్రక్కన పెంచిన మన పెద్దలకు ఈ సంగతి తెలియును. ఇపుడు వెడల్పైన రోడ్లవెంట పువ్వులకై నాటు పొట్టిమొక్కలు కంటికి ఇంపేగాని నెత్తికి నీడ నీయవు.

అట్లైన బడిని ఇంకొక గంట ముందునకు జరిపి 11-30కే విడువరాదా యని అడుగవచ్చును. అప్పుడు గంట 6-45కు కొట్టవలెను. అరగంట దూరమునుండి వచ్చు పిల్లవాడు మార్చి నడుమ 6-10కి, సూర్యోదయమునకు ముందే బయలుదేరవలెను. మధ్యాహ్నపు ఎండ తప్పించుకొనగోరి వేకువ చీకటిలో పడితిమన్నమాట. కావున కాలమును మార్చి సాధింపగల మేలునకు ఒక హద్దు కలదు. ఆ హద్దు దాటిన పిమ్మట మార్చవలసినది గడియారము కాదు, మన ఏర్పాట్లు.

చేయదగిన పనులు

మొదటిది బడికి సంబంధించినది. నవంబరు మొదలు డిసెంబరు చివర వఱకు సూర్యుడు ఆరుగంటలకు ముందే క్రుంకును. మన అక్షాంశములలో క్రుంకిన పిమ్మట మసకవెలుతురు ఇరువది నిమిషములకు మించి నిలువదు. గంటకు 12 కిలోమీటర్ల చొప్పున సైకిలు త్రొక్కు పిల్లవాడు 6 కిలోమీటర్ల దూరపు పల్లె చేరుటకు అరగంట పట్టును. సాయంకాలపు ప్రత్యేక తరగతి 5-00కు ముగిసినచో నవంబరు 20న వాడు 5-30కి, వెలుతురుండగనే ఇల్లు చేరును. 5-45కు ముగిసినచో 6-15కి, చీకటిలో చేరును. ఈ ముప్పావుగంటలో ఒక లెక్క అధికముగా నేర్పవచ్చును. ఐతే ఆ లెక్కకు మూల్యము చీకటి రోడ్డుమీద నొంటరిగా పోవు బాలిక చెల్లించును. ఆ రెండు నెలలును దూరపు పిల్లలను ఐదుగంటలకు విడిచి, ఆ పాఠమును మధ్యాహ్న విరామమునుండి కొంత సమయము తీసికొని చెప్పుట న్యాయమని నా మనవి.

రెండవది తల్లిదండ్రులకు. సైకిలు కొన్నవారు దాని వెనుక ఎఱ్ఱని రిఫ్లెక్టరును, ముందు దీపమును కూడ ఉంచవలెను. వెనుకనుండి వచ్చు లారీవానికి పిల్లవాడు కనబడునది దీనిచేతనే. సూర్యుడు ఉదయించు వేళను, క్రుంకు వేళను ఇంకొక అపాయము కలదు. వెలుతురున్నదిగదా యని మనమనుకొందుము; కాని సూర్యునికి ఎదురుగా వచ్చు వాహనము నడుపువానికి కన్నులు మిరుమిట్లు గొలిపి సైకిలు కనబడదు. మీ నీడ మీకు ముందు పొడవుగా సాగిపోవుచున్నదనిన, ఎదురుగా వచ్చువాని కన్నులలో సూర్యుడున్నాడని అర్థము. అప్పుడు రోడ్డు అంచుననే పోవలెను.

మూడవది విద్యార్థులకు. ఒంటిపూట బడుల దినములలో బడి విడువగానే సైకిలెక్కవలదు. మధ్యాహ్న భోజనము చేసి, నీరు త్రాగి, సీసాలో నీరు నింపుకొని, తలకు తెల్లని గుడ్డ చుట్టుకొని గుంపుగా బయలుదేరుడు. ఇల్లు చేరిన పిమ్మట ఉప్పు వేసిన పలుచని మజ్జిగ త్రాగుడు. తల తిరిగినను, చెమట పోయుట ఆగినను వెంటనే చెట్టుక్రింద దిగి కూర్చుండి తోడివారిని పిలువుడు. సైకిలును ఎండలో నిలుపవలదు. ట్యూబులోని గాలి వేడిచే వ్యాకోచించి పాత అతుకు ఊడును. జూను మొదలు ఆగస్టు వఱకు పడమటి గాలి బలముగా వీచును. రామగిరి కొండలమీది గాలిమరలను త్రిప్పు గాలియే మీ సైకిలును వెనుకకు నెట్టును. ఈ గాలి ఉదయమున మందముగను, ప్రొద్దెక్కిన కొలది బలముగను ఉండును. కావున ఆ నెలలలో పది నిమిషములు ముందుగా బయలుదేరుట మేలు.

బాలబాలికలారా! మీలో ఒక్కొక్కరు చేయదగిన ఒక పరీక్షను చెప్పి ముగించెదను. మన పాఠశాల ఆవరణములో మూరెడు కఱ్ఱను నిట్టనిలువుగా పాతుడు. 11-45 మొదలు 12-45 వఱకు అయిదేసి నిమిషములకు ఒకసారి దాని నీడ కొనను సుద్దముక్కతో గుర్తింపుడు. నీడ మిక్కిలి పొట్టిగా నున్న క్షణమే గోరంట్ల మధ్యాహ్నము. నెలకొకసారి ఇట్లు చేసి వేళను వ్రాసికొన్నచో సంవత్సరము చివరకు మన ఊరి సూర్యుని పట్టిక మీ చేతనే తయారగును. ఆ పట్టికను బడిగంట ప్రక్కన గోడకు తగిలించిన మిక్కిలి సంతోషము. గంట కొట్టించువారును, గంట విని సైకిలెక్కువారును దానిని ప్రతిదినము చూతురు.

గడియారము మనుష్యులు కలసి చేసికొన్న ఒప్పందము. దానిని ముందునకు జరుపవచ్చును, వెనుకకు జరుపవచ్చును. వెలుతురు దేవుడిచ్చిన వరము. దానిని జరుపలేము, ఉన్న వేళను గుర్తెరిగి వాడుకొనగలము. మన పల్లెలనుండి వచ్చు పిల్లలు ఉదయమున వెలుతురులో బయలుదేరి సాయంకాలమున వెలుతురులో ఇల్లు చేరునట్లు మన గంటలను దిద్దుకొనుటయే మనము చేయగల నిజమైన పగటి వెలుతురు పొదుపు.